ముక్త్యాల గుండు

"ఏమోయ్, గరిటె మగాడా, ఆడదా?"

ముందుగదిలోంచి వేదవ్యాస్ ఈ ప్రశ్న వేసే సమయానికి వంటింట్లో సంయుక్త చేతిలో నిజంగానే గరిటె ఉంది. దోసకాయ పప్పులోకి తాలింపు వేగుతోంది. మిరపకాయ నల్లబడేలోపు ఇంగువ పడాలి, ఇంగువ పడేలోపు మొగుడికి జవాబు పడాలి. ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆవిడ ఇంగువ చేత్తో వేస్తూ, జవాబు నోటితో వేస్తూ రెండు పనులూ ఒకేసారి కానిచ్చేది. ఈసారి ఇంగువ మాత్రం వేసి ఊరుకుంది. చేతిలోని గరిటెని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మగదా, ఆడదా? ఈ ఇంట్లో ఉంది కనక ఆడదే అయ్యుండాలి. పెళ్ళివంటలో కాగు పక్కన, నడుముకి తువ్వాలు బిగించిన వంటాయన చేతిలో ఉంటే ఇదే మగదయ్యేది. అక్కడ దీనికి పేరూ, పెత్తనం, నలుగురిలో మర్యాదా ఉంటాయి. ఇక్కడ దీనికి ఉన్నది గోడకి ఒక మేకు.

"ఏ గరిటె అండీ?"

"అదేనోయ్, నా గరిటె. బొమ్మ. ఆదివారం హైదరాబాదు నుంచి అభిమానులు వస్తున్నారు, పుస్తకం వేస్తారట. అది ఆడో మగో తేల్చి చెప్పాలిట. ఏదో ఒకటి చెప్పు, రాసుకుంటా."

నా గరిటె అన్నాడు. అన్న నోటితోనే, ఆ నా గరిటె ఏమిటో పెళ్ళాన్ని అడిగాడు. కన్నతండ్రిని అని చెప్పుకునే మనిషి, పుట్టింది ఆడో మగో వీధిలోవాళ్ళని అడుగుతున్నట్టుంది వ్యవహారం.

"ఆలోచించి చెప్తానండీ," అంది సంయుక్త.

ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడం ఆ ఇంట్లో అదే మొదలు. వేదవ్యాస్ నందిగామ కోర్టులో బెంచి గుమాస్తా కాబట్టి వెంటనే అర్థమైంది, వాయిదా పడిందని.

గరిటె అంటే బొమ్మ. గుండ్రటి తల, కాడలాంటి ఒళ్ళు, మోకాళ్ళు దాటని నిక్కరు, పైన ఒక చొక్కా, చొక్కా మీద నాలుగు చుక్కలు. తొంభైమూడు నుంచి తొంభైఏడు దాకా బెజవాడ వారపత్రిక ఒకదానిలో చివరిపేజీన రెండువందల పదమూడు వారాలు గంతులేసింది. ఆ పత్రిక ఇప్పుడు లేదు. ప్రతి బొమ్మ కిందా సంతకం మాత్రం ఉండేది, 'వేదవ్యాస్, జగ్గయ్యపేట' అని. భారతంలో వేదవ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడంటారు. ఈ వేదవ్యాస్ చెప్పిందీ లేదు, రాసిందీ లేదు. చెప్పిందీ, రాసిందీ, గీసిందీ సంయుక్తే. ఆయన చేసిందల్లా కవరు మీద చిరునామా రాసి, నాలికతో తడిపి, డబ్బాలో వేయడం. ఆ నాలిక చలవ అలాంటిది, కవరుతోపాటు పేరు కూడా ఆయనకే అతుక్కుంది.

అప్పుడు కాపురం జగ్గయ్యపేటలో. మధ్యాహ్నం రెండింటికి అత్తగారు లలితాంబ కునుకు తీస్తే, మూడున్నరకి కూతురు లాస్య బడి నుంచి వచ్చేదాకా గంటన్నర ఖాళీ. ఖాళీ అంటే, బియ్యం ఏరడం, చొక్కాలకి బొత్తాలు కుట్టడం పోగా మిగిలిన ఖాళీ. ఆ కాస్తలో పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు సంయుక్త బొమ్మ వేసేది. బొమ్మలు వేయడం ఎవరూ నేర్పలేదు. ఆవిడకి వచ్చిన విద్యల్లా ముగ్గు. ముందు చుక్కలు పెట్టుకోవాలి, తర్వాత చెయ్యెత్తకుండా చుక్కల చుట్టూ గీత తిప్పుకోవాలి. గరిటె అలాగే పుట్టింది, నాలుగు చుక్కల చుట్టూ ఒకే గీతగా. పత్రికలవాళ్ళు ముందు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని తర్వాత చెరిపేస్తారని ఆవిడకి తెలియదు. ఇంకుతోనే చుక్కలు పెట్టింది, అలాగే వదిలేసింది. ముగ్గులో చుక్కలు చెరిపేవాళ్ళని ఎవరైనా చూశారా?

మొదటి బొమ్మ పంపే రోజున లలితాంబగారు పడకకుర్చీలోంచి ఒక్క మాట అన్నారు. "ఇంటి కోడలి పేరు చివరిపేజీలో, జుట్టూడకుండా రాసుకునే నూనె ప్రకటన పక్కన వేయిస్తావుట్రా?" అంతే, వేదవ్యాస్ కలం అక్కడే మలుపు తిరిగింది. "పేరుదేముందే, నాదైతేనేం, నీదైతేనేం. ఇంటిపేరు ఒకటేగా." పెళ్ళితో ఇంటిపేరు ఒకటైంది. ఆ పూటతో ఒంటిపేరు కూడా ఒకటైంది. దాంతో కోర్టు గుమాస్తా కాస్తా కార్టూను గుమాస్తా అయ్యాడు. ఊళ్ళో సభలు పెట్టి రెండు శాలువాలు కప్పారు. అందులో ఒకటి ఇప్పటికీ గ్రైండరు మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది. సన్మానం ఆ రకంగా రుబ్బే మిషనుకైనా అందినందుకు సంయుక్తకి లోలోపల తృప్తి.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, సన్మానం చేసినవాళ్ళు ఊరుకోరు. "ఏదండీ, ఓ గరిటె గీయండి" అంటారు. మొదటిసారి అడగ్గానే వేదవ్యాస్ చెమటలు కక్కి ఇంటికొచ్చి, మర్నాడు కుడిచేతి మణికట్టుకి సాగే బ్యాండేజీ చుట్టుకుని బయల్దేరాడు. అది మొదలు ఎక్కడ నలుగురు గుమిగూడతారని అనుమానం వచ్చినా కట్టు కట్టుకునే వెళ్ళేవాడు. కట్టుకథలు చాలా విన్నాం గానీ, కట్టే కథ కావడం అదే చూడటం.

తొంభైఏడులో లలితాంబగారికి పక్షవాతం వచ్చింది. ఎత్తి కూర్చోబెట్టాలి, తిప్పి పడుకోబెట్టాలి, స్నానం, పథ్యం, పక్కబట్టలు. మధ్యాహ్నపు గంటన్నర కాస్తా మాయమైంది. బొమ్మలు ఆగిపోయాయి. వేదవ్యాస్ పత్రికకి ఉత్తరం రాశాడు, 'నా మణికట్టు నొప్పి కారణంగా గరిటెకి సెలవు' అని. ఇక చూసుకోండి, ఆ మణికట్టుకి పాఠకుల నుంచి నూట నలభై ఉత్తరాలు. నువ్వులనూనె రాయమని ఒకరు, వావిలాకు కట్టమని ఒకరు, ముక్త్యాల నుంచి ఒకాయనైతే సీసాలో ఏదో తైలం పంపాడు. అత్తగారిని ఎత్తీ ఎత్తీ సంయుక్త మణికట్టు నిజంగానే వాచి ఉంది అప్పటికి. తైలం ఆవిడే రాసుకుంది. పేరు ఆయనకి, నొప్పి ఆవిడకి, తైలం మాత్రం ఎవరి కొరియరు తప్పో సరైన చేతికే చేరింది.

రెండేళ్ళకి పెద్దావిడ పోయారు. కాపురం నందిగామకి మారింది. గరిటె గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మనిషిని మర్చిపోతే బెంగ పెట్టుకుంటారు గానీ బొమ్మని మర్చిపోతే ఎవరికేం?

మర్చిపోలేదని పదిరోజుల కిందటే తెలిసింది. రెండువేల ఏడు, మే నెల. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న లాస్య తల్లిని బస్టాండు ఎదురుగా ప్రేమానందం నెట్ సెంటరుకి లాక్కెళ్ళింది. "అమ్మా, నాన్న ఫేమస్ అయిపోయాడు, చూద్దువుగాని రా." వీరులపాడు నుంచి వెళ్ళి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కల్యాణ్ అనే అతను, తన ఊరి లైబ్రరీలో ఆ పాత పత్రికలు బైండు చేసి ఉంటే, రెండువందల పదమూడు బొమ్మలూ స్కాన్ చేసి నెట్‌లో పెట్టాడట. దానికో అభిమానుల గుంపు. ఆ గుంపులో మూడు నెలలుగా ఒకటే గొడవ, గరిటె మగపిల్లాడా, ఆడపిల్లా అని. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ వెయ్యి పైచిలుకు జవాబులు. పేర్లన్నీ మారుపేర్లు. బెజవాడ బుల్లెట్, నూజివీడు రసం. కల్యాణ్ పెట్టుకున్న పేరు వీరులపాడు వీరుడు. కోర్టులో ఇన్ని వాదనలు విని ఉంటే ఏ జడ్జికైనా బీపీ వచ్చి ఉండేది.

మగపక్షం వాదన: చొక్కాకి నాలుగు బొత్తాలున్నాయి, బొత్తాలు కుడివైపుకి జరిగి ఉన్నాయి, మగవాళ్ళ చొక్కాలకే బొత్తాలు కుడివైపుంటాయి, కనక మగాడే. ఆడపక్షం వాదన: గరిటె పదిహేడు వారాల్లో అంట్లు తోమింది, మేం లెక్కపెట్టాం, కనక ఆడపిల్లే. దానికి మగపక్షం ఎదురు వాదన: రెండువందల పదమూడు వారాల్లో గరిటె ఒక్కసారి ఏడవలేదు. దానికి ఆడపక్షం నుంచి ఎవరో: "అంట్లు తోముతూ ఏడిస్తే సబ్బు కంట్లో పడుతుంది, అందుకని ఏడవలేదు." ఇక నూజివీడు రసం అయితే ఒక్కో బొమ్మలో గరిటె తల మీద వెంట్రుకలు ఎన్నో పట్టిక వేసి పెట్టాడు. మొదటి బొమ్మలో సున్నా. యాభయ్యో వారానికి మొలకలు. రెండువందలకి చెవుల దాకా. ఆర్టిస్టు అశ్రద్ధ అని తేల్చాడు.

సంయుక్త చదువుతూ ఉంది. లాస్య పక్కనే కూర్చుని తెరమీద ఆ నాలుగు చుక్కల్ని చాలాసేపు చూసింది.

"ఇవి బొత్తాలు కావుగా అమ్మా?"

సంయుక్త ఒడిలో సంచీ సర్దుకుంది.

"నాన్న ముగ్గు వేయగా నేనెప్పుడూ చూళ్ళేదు," అంది లాస్య.

సంయుక్త కూతురు చేతి మీద చెయ్యి వేసింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఇంకేం అడగలేదు. ఇంటికి తిరిగొస్తూ దారంతా తల్లి సంచీ తనే మోసింది.

గరిటె ఆడో మగో సంయుక్తకి తెలుసు. ఏడో ఏట ఆవిడకి టైఫాయిడ్ వచ్చింది. తగ్గితే తలనీలాలు ఇస్తామని వాళ్ళమ్మ వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుంది. మొక్కు అమ్మది, జుట్టు సంయుక్తది, పుట్టింట్లో కూడా పద్ధతి అదే. గుండు చేయించి, పక్కనే ఉన్న ముక్త్యాలలో అమ్మమ్మగారింట్లో దింపి వెళ్ళారు. గౌన్ల సంచి బస్సులో మర్చిపోయారు. అమ్మమ్మ వెతికి వెతికి మేనమామ కొడుకు పాత నిక్కరూ చొక్కా తొడిగింది. ఆ సాయంత్రం కృష్ణ ఒడ్డుకి వెళ్తే రేవులో బల్లకట్టు మనిషి "ఒరేయ్ అబ్బాయ్, ఆ తాడు అందుకో" అన్నాడు. సంయుక్త వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. తాడు అందుకుంది. పదిహేనేళ్ళ తర్వాత ఇంకో తాడు మెడలో పడిందిగానీ, అది అందుకున్నది కాదు. ఇది అందుకున్నది. బల్లకట్టు ఒడ్డు వదిలి కదులుతుంటే అరికాళ్ళ కింద చెక్కలు ఊగాయి, నీళ్ళవాసన వచ్చింది, ఏడేళ్ళ పిల్ల గుండు మీద గాలి తగిలింది. గుండు మీద గాలి తగిలితే ఎలా ఉంటుందో చేయించుకున్నవాళ్ళకే తెలుసు, బుర్రలోకి నేరుగా వెళ్తుంది.

నీరసంగా ఉందని దసరా దాకా బడికి పంపలేదు. ఆ ఆరునెలలూ ఊరు ఆవిణ్ణి అబ్బాయనే అనుకుంది. తెలిసిన ఇద్దరు ముగ్గురూ చెప్పడం మర్చిపోయారు. అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూర్చుంది, ఎవరూ కాళ్ళు ముడుచుకోమనలేదు. గోలీలాడి గెలిచింది. ఈత నేర్చుకుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యమని గానీ, ముందు మీ బావకి పెట్టి నువ్వు తినమని గానీ ఎవరూ అనలేదు. జ్ఞానయ్యమాస్టారని ఊళ్ళో పెద్దాయన ఒకరోజు ఆపి, "పెద్దయ్యాక ఏమవుతావురా?" అని అడిగాడు. అంతకుముందుగానీ, ఆ తర్వాతగానీ ఆవిణ్ణి ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు. ఎవరికిస్తారని అడిగారు, ఎప్పుడిస్తారని అడిగారు. ఏమవుతావని అడగలేదు. "బల్లకట్టు నడుపుతానండి" అంది సంయుక్త. ఆయన నవ్వలేదు. "అయితే లెక్కలు బాగా చెయ్యి, నీటి వేగం అంచనా కట్టాలి" అన్నాడు. దసరాకి జుట్టు చెవులు దాటింది. వాళ్ళమ్మ వచ్చి రెండు పిలకలు వేసి, రెండు రిబ్బన్లు కట్టి, అబ్బాయిని అమ్మాయిని చేసి తీసుకుపోయింది. బస్సులో మొదటి మాట, "కాళ్ళు దగ్గరగా పెట్టుకో."

గరిటె ఆ ఆరునెలల పిల్ల. ఆడపిల్లే. ఆడపిల్ల అని ఎవరూ ఇంకా గమనించని ఆడపిల్ల. తల మీద వెంట్రుకల లెక్క ఆవిడ అశ్రద్ధగా వేసింది కాదు, వారం వారం గుర్తుపెట్టుకుని పెంచింది. చెవుల దగ్గరికి వచ్చాక చెయ్యి వెనకాడింది. అప్పుడే అత్తగారు పడిపోయారు. ఆ రెండింటిలో బొమ్మని ఏది ఆపిందో సంయుక్త ఎప్పుడూ తనని తాను అడగలేదు.

ప్రశ్న వేసింది సోమవారం. బుధవారం సాయంత్రం వేదవ్యాస్ నాలుగు కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వంటింటి లోపలికి ఆయన రాడు, గుమ్మం దాకానే ఆయన పరిధి.

"నీ వాయిదాలు నాకు కుదరవోయ్. మగాడనే రాసేశా. పుస్తకానికి ముందుమాట. 'గరిటె మరెవరో కాదు, నా బాల్యమే' అని ఎత్తుకున్నా. బావుందా?"

"మీ బాల్యమా?"

"మరి ఎవరిదంటాం? అయితే ఒక ఇబ్బందొచ్చింది. నాకు రాసుకోదగ్గ అల్లరేం గుర్తు రావట్లేదు. మా అమ్మ నన్ను అరుగు దిగనిచ్చేది కాదుగా. నువ్వో నాలుగు సంఘటనలు రాసిపెట్టు. ఆ పడవా, గోలీలూ, మాస్టారూ, బొమ్మల్లో ఉన్నాయిగా, అవే. నాకు జరిగినట్టు రాయి."

కాగితాలు గట్టు మీద పెట్టి వెళ్ళాడు. తడి ఉన్న చోటే పెట్టాడు, అంచు తడిసింది.

సంయుక్త ఆ కాగితాల వంక చూస్తూ నిలబడిపోయింది. పెళ్ళికి ఇంటిపేరు ఇచ్చింది, బాధ అనిపించలేదు, అందరూ ఇస్తారు. పత్రికకి ఒంటిపేరు ఇచ్చింది, కాస్త బాధ అనిపించింది, అయినా గీసేటప్పుడు చెయ్యి తనదేగా అనుకుంది. అత్తగారికి నడుమూ మణికట్టూ ఇచ్చింది. ఇన్నీ ఇచ్చి తను ఖాళీ అయిపోలేదంటే కారణం, అడుగున ఎవరికీ తెలియని ఆరునెలలు ఉండబట్టే. కష్టం వచ్చినప్పుడల్లా వెళ్ళి ఆ చెక్కల మీద నిలబడి వచ్చేది. ఇప్పుడు ఈయన ఆ రేవు అడుగుతున్నాడు. ఆ తాడు అడుగుతున్నాడు. అడగటం కూడా కాదు, రాసిపెట్టమంటున్నాడు, ఉప్మాలోకి ఉల్లిపాయలు తరిగిపెట్టమన్నట్టు. దొంగకి తాళం చెవి ఇవ్వడమే కాదు, మూట కట్టి నెత్తికి కూడా ఎత్తాలి.

గురువారం పదకొండింటికి అన్నం వార్చి, పప్పు దించి, చీర మార్చుకుని కూతుర్ని పిలిచింది. "లాస్యా, ప్రేమానందం గారి దగ్గరికి పోదాం రా. నేను చెప్తుంటే నువ్వు కొట్టు."

పేరు పెట్టుకోమని కంప్యూటరు అడిగింది. ఏ పేరైనా పెట్టుకోవచ్చట. జీవితంలో తన పేరు తను పెట్టుకునే అవకాశం మొదటిసారి రావడంతో సంయుక్త కాసేపు ఆలోచించి "ముక్త్యాల గుండు" అంది. లాస్య నవ్వి, కొట్టింది. తర్వాత తల్లి చెప్పింది చెప్పినట్టు కొట్టింది:

"గరిటెని గీసినదాన్ని నేను. చుక్కలు బొత్తాలు కావు, ముగ్గు చుక్కలు. ముగ్గులో చుక్కలు చెరపరు కనక నేనూ చెరపలేదు. గరిటె ఆడపిల్ల. ఏడో ఏట వేదాద్రిలో గుండు చేయించి నిక్కరు తొడిగారు. ఆడపిల్లని ఎవరికీ తెలియలేదు, అందుకని ఎవరూ ఏమీ వద్దనలేదు. జుట్టు పట్టిక వేసినాయన లెక్క సరైనదే, అది మొక్కు తీరాక పెరిగే జుట్టు. చెవులు దాటాక బొమ్మలు లేవు."

లాస్య చివరి వాక్యం దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది. "పంపేయనా అమ్మా?" "పంపు. పప్పు చల్లారిపోతుంది."

శుక్రవారం వెళ్ళి చూస్తే తొంభై ఒక్క జవాబులు. అభిమానులు గరిటెని వదిలేసి ముక్త్యాల గుండు మీద పడ్డారు, ఇది ఆడా, మగా అని. "మగాడే. గోలీలాట గురించి ఆ బొమ్మల్లో ఉన్న మెలకువలు ఆడాళ్ళకి తెలియవు" అని బెజవాడ బుల్లెట్. "గుండు అని పేరు పెట్టుకునే ఆడది ఉంటుందా? ఆడగొంతు పెట్టిన మగాడు" అని నూజివీడు రసం. "వేదవ్యాస్ గారంటే గిట్టనివాడెవడో. మా సార్ మణికట్టు బాగాలేని సమయంలో ఇలాంటివి పోస్ట్ చేయడం దారుణం" అని వీరులపాడు వీరుడు.

లాస్య మొహం ఎర్రబడింది. సంయుక్తకి మాత్రం లోపల్నించి ఏదో ఎగదన్నుకొచ్చింది. ఏడుపేమో అనుకుంది. తీరా వచ్చాక చూస్తే నవ్వు. నెట్ సెంటరు ప్రేమానందం లేచి చూసేంత నవ్వు. ఇంతమంది తనని చూడలేకపోతున్నారు. చీర కనబడదు, బొట్టు కనబడదు, మట్టెలు కనబడవు. తను ఆడో మగో తొంభైమందికి తేలడం లేదు. ముప్ఫయ్యేడేళ్ళ తర్వాత మళ్ళీ గుండు మీద గాలి తగిలినట్టుంది.

"కిందకి జరుపు," అంది.

ఎనభై తొమ్మిదో జవాబు సుస్మిత, జగ్గయ్యపేట. మారుపేరు కాదు. "నాకు ఎనిమిదో ఏట గుండు చేయించారు. ఆ ఎండాకాలం మా నాన్న నన్ను సైకిల్ ముందు బార్ మీద కూర్చోబెట్టుకుని తిరిగాడు. జుట్టొచ్చాక మానేశాడు. ఎందుకు మానేశాడో ఇవాళ్టిదాకా అర్థం కాలేదు. ఇది రాసింది ఆడమనిషే." దాని కింద ఇంకొకావిడ, "నాకు తిరుపతిలో, ఆరేళ్ళకి. చింతచెట్టెక్కా." దాని కింద ఇంకెవరో ఒక్క మాట, "నాకూ." వెయ్యి జవాబుల గొడవలో ఎన్నడూ నోరు విప్పని ముగ్గురు.

సంయుక్త కుర్చీలో వెనక్కి వాలింది. భుజాలు కిందికి దిగడం తనకే తెలిసింది. ఇన్నాళ్ళూ అవి పైకి బిగిసి ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది.

శనివారం మధ్యాహ్నం కల్యాణ్ ఇంటికి ఫోన్ చేశాడు. ముందుగదిలో వేదవ్యాస్ "ఆఁ, ఆఁ" అంటూ విన్నాడు. "వద్దు, వద్దు, పోలీసు కంప్లయింటు దాకా ఎందుకయ్యా" అన్నాడు. పెట్టేశాడు. తర్వాత వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సంయుక్త బియ్యం కడుగుతోంది. గట్టు మీది నాలుగు కాగితాలూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"ముక్త్యాల గుండు నువ్వేనా?"

"నేనేనండీ."

తిడతాడనుకుంది. సిద్ధపడి నిలబడింది. వేదవ్యాస్ గుమ్మానికి ఆనుకుని, ఊపిరి వదిలి, కుడిచేతి కట్టు విప్పడం మొదలుపెట్టాడు. చుట్లు చుట్లుగా విప్పాడు. కింద చర్మం పాలిపోయి, మడతలు పడి ఉంది.

"అయితే రేపు నేను గీయక్కర్లేదన్నమాట," అన్నాడు. "పన్నెండేళ్ళ నుంచి ఎవడు పెన్ను తీసినా గుండె ఆగినంత పనయ్యేది. పాసిపోయిందోయ్ చెయ్యి."

సంయుక్తకి జాలి వేసింది. ఆ జాలి వెనకాలే ఆవిడ ఇరవైరెండేళ్ళుగా నడుస్తూ వచ్చింది కాబట్టి, అది ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా తెలుసు. ఇంతలోనే తీసుకెళ్ళబోయింది.

"పోనీ ఇలా చేద్దాం," అన్నాడాయన గొంతు సర్దుకుని. "ఇద్దరం కలిసి గీశామని చెబుదాం. నీ పేరే సంయుక్త. సంయుక్తంగా చేశామంటే అబద్ధం కూడా కాదు. నా పరువూ దక్కుతుంది, నీ ముచ్చటా తీరుతుంది."

"సంయుక్తం పేరులో ఉందండీ, పనిలో లేదు," అంది. బియ్యం నీళ్ళు వంపింది. "ముందుమాట నేను రాయను. మీ బాల్యం మీరు రాసుకోండి. అరుగు దిగనివ్వని పిల్లాడి గురించి కూడా ఎవరో ఒకరు రాయాలిగా."

వేదవ్యాస్ విప్పిన బ్యాండేజీని ఉండ చుట్టాడు. ఆ ఉండని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పదింటికి ముగ్గురొచ్చారు. కల్యాణ్, సన్నగా పొడుగ్గా ఉంటాడు, వీరులపాడు వీరుడి పేరు ఆ ఒంటికి పెద్ద సైజు చొక్కాలా ఉంది. బెజవాడ బుల్లెట్ అసలుపేరు భవానీప్రసాద్, బ్యాంకులో ఉద్యోగం. మూడో మనిషి జగ్గయ్యపేట బస్సు దిగి నేరుగా వచ్చిన సుస్మిత, ముప్ఫయ్యేళ్ళుంటాయి, టీచరు. లాస్య మంచినీళ్ళిచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. కల్యాణ్ సంచీలోంచి పెద్ద డ్రాయింగు కాగితం, స్కెచ్ పెన్ను తీసి బల్లమీద పెట్టాడు.

"సార్, ముందు ఆ ఫేక్ ఐడీ సంగతి. అదెవడో కనుక్కుంటాం, మీరు బెంగపడొద్దు. చెయ్యి ఎలా ఉంది సార్? ఇవాళ కట్టు లేదే."

వేదవ్యాస్ అలవాటుగా వంటింటి వైపు చూశాడు. ఇబ్బంది వచ్చినప్పుడల్లా అటువైపు నుంచి కాఫీ రావడం అలవాటు. సంయుక్త వచ్చింది. చేతుల్లో ట్రే లేదు. వచ్చి ఖాళీగా ఉన్న పేము కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ కొని పదకొండేళ్ళయింది, చుట్టాలున్నప్పుడు ఆవిడ అందులో కూర్చోవడం ఇదే మొదలు. మెత్తగానే ఉంది.

"ఆ ఐడీ నాదేనండి," అంది కల్యాణ్‌తో.

కల్యాణ్ తన సార్ వంక చూశాడు. వేదవ్యాస్ కట్టులేని మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని నేలవంక చూస్తున్నాడు.

"ఈవిడే," అన్నాడు. "గీసింది ఈవిడే. నేను పోస్టు చేశా."

నాలుగు ముక్కలు. అన్నాక అక్కడ కూర్చోలేకపోయాడు. "కాఫీ పెడతా," అని లేచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటి, వంటింట్లోకి వెళ్ళాడు.

భవానీప్రసాద్ గ్లాసు కింద పెట్టి, "గోలీల గురించి నేను నాలుగు మాటలన్నానండి, ఏమనుకోకండి," అన్నాడు.

"ఎండ తగ్గాక పెరట్లో చూద్దాంలెండి," అంది సంయుక్త. "గోలీలు మీరే తెచ్చుకోవాలి."

కల్యాణ్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. నవ్వాడు. తర్వాత, "మూడు నెలలు కొట్టుకున్నామండి," అన్నాడు. "పుస్తకం మీద మీ పేరు ఎలా వేయమంటారు?"

"సంయుక్త. అంతే. ఇంకేం తగిలించకండి."

సుస్మిత కుర్చీ అంచు మీదికి జరిగి కూర్చుంది. "ఒక్కటి అడగనాండీ? చెవులు దాటాక గరిటె ఏమైంది?"

సంయుక్త ఒక్క క్షణం ఆ ప్రశ్న ఎంత బావుందో చూసుకుంటూ కూర్చుంది.

"వంటింట్లోకి వెళ్ళింది," అంది. "చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడే బయటికొచ్చి కూర్చుంది. ఇక్కణ్ణించి గీయాలనుకుంటున్నా. జుట్టు ఎంత పెరిగినా ఫర్వాలేదు, నడి ఏట్లో ఒక పడవ ఉంటుంది, అది నడిపేది..."

"ఏమోయ్," లోపల్నించి వేదవ్యాస్ గొంతు వినబడింది. "పంచదార ఏ డబ్బాలో ఉంది?"

లాస్య గోడ దగ్గర్నించి కదలబోయింది. సంయుక్త కళ్ళతోనే వద్దంది. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుంది.

"వెతుక్కుంటారులెండి," అంది సుస్మితతో. "నేను చెప్తున్నది పూర్తి కానివ్వండి."